సన్నగా ఉన్నోడికీ స్టెంటు పడింది. తప్పు తిండిదా, సీసానిదా?

సాలూరు_స్టీరింగ్:
అందరికీ నమస్కారం. మా తమ్ముడి సంగతి చెప్పి ఒక ప్రశ్న అడుగుతాను. కొట్టుకోకుండా మాట్లాడండి.

వాడికి 43 ఏళ్లు. బరువు 58 కేజీలు, అదీ జేబులో సెల్లు, తాళాల గుత్తి పెట్టుకుని తూగితే. సాలూరులో లారీలు ఆగేచోట బ్యాటరీ షాపు. 21 ఏళ్లుగా అదే పని. పాత బ్యాటరీ మూత కోస్తాడు, ప్లేట్లు లాగుతాడు, కొత్తవి దించుతాడు, టెర్మినల్ దగ్గర సీసం కరగబోసి కడతాడు. షుగర్ లేదు. పోయిన నెల తెల్లవారుజామున గ్యాసు పట్టిందనుకుని సోడా తాగాడు. గంట తర్వాత కారులో వేసుకుని బయల్దేరాం. గజపతినగరం దాటేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. విశాఖలో స్టెంటు వేశారు, బతికాడు.

ఇంటికి పంపేటప్పుడు చేతిలో ఒక కాగితం పెట్టారు. బరువు తగ్గాలి, నూనె తగ్గించాలి, రోజూ నడవాలి. అచ్చుకొట్టించిన కాగితం, వచ్చినవాళ్లందరికీ అదే. 58 కేజీల మనిషి ఇంకెక్కడ తగ్గుతాడండీ? పక్కన మా బావమరిది నిలబడి చదువుతున్నాడు. ఆయన 96 కేజీలు, సంక్రాంతికి అరిసెలు లెక్కపెట్టకుండా తింటాడు, మొన్న చేయించుకున్న గుండె పరీక్షలన్నీ బాగున్నాయి.

ఒక వీడియోలో విన్నాను. సీసం, కాడ్మియం లాంటి లోహాలే ఒళ్లు పెంచుతాయి, అవే గుండెను దెబ్బకొడతాయి, తిండి మీద నింద వేయడం అన్యాయం అని. నాకైతే నిజమే అనిపిస్తోంది. మీరేమంటారు?

చీపురుపల్లి_మాస్టారు:
బాబూ, తమ్ముడు గట్టెక్కాడు, సంతోషం. కానీ ఒక్క మనిషిని చూపించి సిద్ధాంతం కట్టకు. నేను 32 ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. తరగతిలో ఒక్కడు చదవకుండా పాసయ్యాడని చదువు దండగ అంటామా?

2004లో ఇంటర్‌హార్ట్ అని పెద్ద పరిశోధన అచ్చయింది. 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవాళ్లనీ, రానివాళ్లనీ పోల్చి చూశారు. పొగ, కొవ్వు, బీపీ, షుగర్, పొట్ట, మనసు మీద ఒత్తిడి, కూరలు పళ్లు తినకపోవడం, కదలకపోవడం, తాగుడు విషయం. ఈ తొమ్మిదింటితోనే మగవాళ్లలో మొదటి గుండెపోట్లు 90 శాతం లెక్క తేలిపోయింది. మన దక్షిణాసియా వాళ్లకి మిగతావాళ్లకంటే ఓ ఆరేళ్లు ముందు, దగ్గర దగ్గర 53కే వస్తోందని తర్వాత అదే లెక్కల్లోంచి తీశారు. ఇక సీసానికి మిగిలిందెంత? పది శాతం. అందులో జాతకాలూ, అదృష్టాలూ అన్నీ సర్దుకోవాలి.

మన ఊళ్లు చూడు. పదేళ్ల కిందట చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో నూడుల్స్ బండి ఒకటుండేది. ఇప్పుడు సాయంత్రం ఏడింటికి నడవడానికి చోటు లేదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దేశవ్యాప్త సర్వేలో పొట్ట ఉన్నవాళ్లు 39.5 శాతం, బీపీ 35.5 శాతం. ఇంత కళ్లెదుట పెట్టుకుని గిన్నెల్లో, గాల్లో దొంగని వెతకడమెందుకు?

అది సరే, తమ్ముడు బీడీ కాలుస్తాడా? ఆ మాట రాయలేదు నువ్వు.

సాలూరు_స్టీరింగ్:
కాల్చేవాడు మాస్టారూ. మానేసి ఆరేళ్లయింది.

చీపురుపల్లి_మాస్టారు:
చూశావా. ఏళ్ల తరబడి బీడీ కాల్చి, వీడియో చూసి బ్యాటరీ మీద తోస్తున్నారు.

రక్తపు_చుక్క:
మాస్టారికి నమస్కారం. నేను విజయనగరంలో ల్యాబ్ టెక్నీషియన్ని, 17 ఏళ్లుగా మన జిల్లా నరాలన్నీ వెతుకుతున్నాను. లెక్కల మాస్టారు కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను.

90 శాతం పోతే మిగిలింది పదే అన్నారు. అలా తీసివేయకూడదండీ. అమావాస్య రాత్రి, గట్టు లేని నూతిలో, తాగినవాడు పడ్డాడు. దీపం ఉంటే పడేవాడు కాదు, నూటికి నూరు. గట్టు ఉంటే పడేవాడు కాదు, నూటికి నూరు. తాగకపోతే పడేవాడు కాదు, అదీ నూరే. మూడూ కలిపితే 300. కారణాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి, అందుకే కూడిక వందతో ఆగదు. పైగా ఇంటర్‌హార్ట్ వాళ్లు ఎవరి రక్తంలోనూ సీసం కొలవలేదు. వాళ్ల జాబితాలో బీపీ ఉంది కదా? సీసం బీపీ పెంచుతుంది. అంటే సీసం చేసిన పని బీపీ ఖాతాలో పడిపోతుంది. కొలవని దొంగ పేరు ఎఫ్‌ఐఆర్‌లో ఎలా వస్తుంది?

కొలిచినవాళ్లకి ఏం కనపడిందో చెప్తాను. అమెరికాలో 14,289 మంది పెద్దవాళ్ల రక్తంలో సీసం చూసి, దాదాపు 19 ఏళ్లు వాళ్లని గమనించారు. 2018లో లాన్సెట్ వాళ్ల వైద్య పత్రికలో వచ్చింది. డెసిలీటరుకి 1 మైక్రోగ్రాము ఉన్నవాళ్లతో పోలిస్తే 6.7 ఉన్నవాళ్లకి గుండె, రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 70 శాతం ఎక్కువ. రక్తనాళాలు పూడుకుపోయి వచ్చే గుండెజబ్బు ఒక్కటే చూస్తే రెట్టింపు. వయసు, పొగ, బరువు, షుగర్ లెక్కలోంచి సర్దేశాకే ఈ మాట. 2023లో ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు ఇద్దరు అంచనా కట్టారు: 2019 ఒక్క ఏడాదిలో సీసం వల్ల గుండె, రక్తనాళాల జబ్బులతో ప్రపంచంలో 55 లక్షల మంది పెద్దవాళ్లు పోయారని. అంచనాయే, తలలు లెక్కపెట్టింది కాదు. సగానికి కోసినా చిన్న సంఖ్య కాదు. 2023లోనే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ మూడింటినీ గుండెజబ్బు కారణాలుగా చూడాలని ప్రకటన ఇచ్చింది.

ఎలా చేస్తుందంటారా? మన ఒంటికి సీసానికీ కాల్షియానికీ తేడా సరిగా తెలీదు. కాల్షియం వెళ్లే దారిలోనే లోపలికి రానిస్తుంది, ఎముకలో దాచుకుంటుంది. రక్తనాళం లోపలి పొర మెత్తగా వదులవడానికి నైట్రిక్ ఆక్సైడ్ కావాలి, సీసం దాన్ని తినేస్తుంది. నాళం బిగుసుకుంటుంది. కిడ్నీ కూడా మెల్లిగా చెడుతుంది, బీపీ ఇంకా ఎక్కుతుంది. రక్తంలో ఉన్న సీసం ఓ నెలకి సగమవుతుంది గానీ, ఎముకలో చేరింది ఇరవై ముప్పై ఏళ్లు కదలదు. తమ్ముడు ఈరోజు షాపు మూసేసినా, ఎముకలు కొన్నాళ్లు ఆయన రక్తంలోకి సీసం పోస్తూనే ఉంటాయి.

ఇక స్టీరింగ్ గారూ, మీ వీడియోలో మొదటి ముక్క తప్పు. లోహాలు ఒళ్లు పెంచుతాయన్నది నిలబడలేదు. కడుపులో ఉండగా సీసం తగిలిన ఎలుకపిల్లలు పెద్దయ్యాక బరువెక్కాయన్న ప్రయోగాలున్నాయి. కానీ మనుషుల్లో, అమెరికా సర్వేల్లో పెద్దవాళ్లని చూస్తే లావుగా ఉన్నవాళ్ల రక్తంలో సీసం, కాడ్మియం తక్కువగానే కనపడ్డాయి. మీ బావమరిది అరిసెలకి సీసాన్ని సాక్ష్యం పిలవకండి. ఆయనది వేరే కేసు, ఇంకా తీర్పు రాలేదు అంతే.

కళింగపట్నం_వల:
మేడమ్, నాను సదువుకున్నది ఇంటరే. ఒకటడుగుతాను, నవ్వకండి.

మా అయ్య ఇసురు వలలు అల్లుతాడు. వల అంచుకి సీసం గుళ్లు కట్టాల, నేపోతే అడుక్కి దిగదు. ఆ గుళ్లు కొనం, ఇంటికాడే పోస్తాం. పాత బ్యాటరీ సీసం శ్రీకాకుళంలో తుక్కు కొట్టోడి కాడ కేజీల్లెక్కన తెస్తాడు. పెరట్లో మూడు రాళ్లు పెట్టి, కొబ్బరి డొక్కలు ఎగదోసి, అన్నం వండి పారేసిన సత్తు గిన్నెలో కరగబెడతాడు. పైన తెట్టు తేలుతది, గరిటెతో అది తీసి గోడ పక్కన కొడతాడు. గుంటలు ఆ బూడిదలోనే ఆడతారు, మెరుస్తాది కదా మరి. తరవాత మట్టిలో పుల్లతో గాడి గీసి అందులో పోస్తాడు. సల్లారినాక ముక్కలు కొట్టి తాడు మీద పెట్టి, పళ్లతో కరిసి బిగిస్తాడు. ఒక వలకి నాలుగైదొందల గుళ్లు. అన్నీ పళ్లతోనే. ముందు పళ్లు అరిగిపోనాయి కూడా.

అయ్యకి 61. కర్రలాగుంటాడు. బీపీ మాత్ర వాడుతున్నాడు, ఐనా 160కి తగ్గదు. మీరు సెప్పింది సదివినాక రాత్రి నిద్ర పట్టనేదు.

రక్తపు_చుక్క:
తమ్ముడూ, నవ్వడమా? ఇంత వివరంగా డాక్టర్లకి కూడా ఎవరూ చెప్పరు. ముందు ఆ పిల్లల సంగతి చూడు. పెద్దవాళ్ల పేగు సీసాన్ని ఎంత పీల్చుకుంటుందో అంతకి నాలుగైదు రెట్లు చిన్నపిల్లల పేగు పీల్చుకుంటుంది. ఆ గోడ పక్క మట్టి తీయించు, తడిపి తీయించు, చీపురు పెట్టి దుమ్ము లేపకు. అయ్యకి, పిల్లలకి రక్తంలో సీసం పరీక్ష చేయించు. ఇక్కడ సూదితో తీసి పెద్ద ల్యాబుకి పంపుతాం, నాలుగైదు రోజులు పడుతుంది. మామూలు హెల్త్ ప్యాకేజీల్లో ఇది ఉండదు, పేరు పెట్టి అడగాలి. మన దగ్గర ఎవరూ అడగరు కాబట్టే మన దగ్గర లేదనుకుంటున్నాం.

స్టీరింగ్ గారూ, తమ్ముడికి కూడా.

బుడితి_చెంబు:
వచ్చేశారా. సీసం మాటెత్తినవాళ్లు చివరికి ఇత్తడి మీదకి రాకుండా ఉండరు, నాకు తెలుసు. మూడు తరాలుగా మాది కంచు ఇత్తడి పని. మా బుడితి వస్తువుకి జీఐ గుర్తింపు (ఆ ఊరి సొంత వస్తువన్న ప్రభుత్వ ముద్ర) ఉంది. మొన్న ఒకావిడ కొట్లోకి వచ్చి, ఇత్తడిలో వండితే గుండెపోటంట కదా, నిజమేనా అనడిగింది. ఎవడో ఫోన్‌లో చెప్పాట్ట. మా తాతలు ఇత్తడి గుండిగల్లో వండుకు తిని 90 ఏళ్లు బతికారు.

రక్తపు_చుక్క:
మీ తాతల పేరు తీయను గానీ, 2025లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరిక ఇచ్చిన మాట నిజం. బయటి దేశాల నుంచి వచ్చే అల్యూమినియం, ఇత్తడి, ఇండాలియం (అల్యూమినియంలో వేరే లోహాలు కలిపింది) గిన్నెలు కొన్నింటిలో వండితే తిండిలోకి సీసం దిగుతోందని. మన ఇళ్లలో పప్పు, పులుసు కాచేది వీటిల్లోనే. మీ వస్తువు గురించి అన్నారని కాదు. గిన్నె తుక్కుతో చేసిందా, మంచి లోహంతో చేసిందా అన్నది కొనేవాళ్లకి ఎలా తెలుస్తుంది? మీరే చెప్పండి, మీకంటే బాగా ఎవరు చెప్తారు?

బుడితి_చెంబు:
అలా అడిగితే చెప్తాను.

రాగి, తుత్తునాగం (జింకు) కలిపితే ఇత్తడి. రాగి, తగరం కలిపితే కంచు. ఇందులో సీసానికి పని లేదు. కానీ ఇప్పుడు కొత్త రాగి కొని పోత పోసేవాడు ఎంతమంది? తుక్కు ఇత్తడి వస్తుంది, అందులో సగం పాత కుళాయి తలకాయలు, వాల్వులు. వాటిల్లో మర మీద సాఫీగా తెగడానికని సీసం ముందే కలిపి ఉంటుంది. అది కరిగి గిన్నెలోకి వచ్చిందంటే ఇక బయటికి తీసేవాడు లేడు. దీపపు కుందె, గంట, అలంకారం చెంబు అయితే బాధ లేదు. వంట గిన్నెకి మాత్రం నేను తుక్కు వాడను. మిగతావాళ్ల సంగతి అడక్కండి.

రెండోది కళాయి. ఇత్తడి గిన్నె లోపల తగరం పూత లేకుండా పులుసు కాచకూడదని మా నాయనమ్మకే తెలుసు. నవాసాగరం చల్లి, కాలుతున్న గిన్నెలో తగరం రాసి దూదితో తిప్పుతారు. తగరం రేటు మండిపోతోంది, అందుకని కొంతమంది అందులో సీసం కలుపుతారు. మా నాన్న ఒక కిటుకు చెప్పేవాడు. తగరం కడ్డీ చెవి దగ్గర పెట్టుకుని వంచు, కరకరమని ఏడుస్తుంది. సీసం కలిస్తే నోరెత్తదు. కళాయి వేసేవాడు వీధిలోకి వస్తే కడ్డీ వంచమని అడగండి. వంచనన్నాడంటే పంపించేయండి. మీ ల్యాబు పరీక్షలా పక్కాగా చెప్పదు, ఐనా మోసగాడికి మీకు విషయం తెలుసన్న భయం వేస్తుంది.

చీపురుపల్లి_మాస్టారు:
చెంబు గారూ, ఈ తగరం ఏడుపు సంగతి నాకు 68 ఏళ్లొచ్చినా తెలీదు. రేపే ప్రయోగం చేస్తాను.

కానీ అసలు వాదన నేను వదలలేదు. సీసం చెడ్డదే, ఒప్పుకున్నాను. సీసం పనివాళ్లకి చెడ్డది. లక్షల మంది గుమాస్తాలు, టీచర్లు, పెన్షనర్లు గుండెపోటుతో పోతున్నారు, వాళ్లు బ్యాటరీలు కోయడం లేదు, గుళ్లు కొరకడం లేదు. వాళ్లకి చెప్పాల్సింది నడవండనా, గిన్నెలు మార్చండనా?

రక్తపు_చుక్క:
రెండూ. కానీ మీరన్నదాంట్లో ఒక లొసుగుంది. సీసం పనివాళ్లది మాత్రమే కాదు. 2000 దాకా మన పెట్రోలులో సీసం కలిసి ఉండేది. (డీజిల్‌లో కలిపేవారు కాదు, కాబట్టి సాలూరు లారీల మీదకి రాకండి. స్కూటర్లు, కార్లే.) అప్పటి మన ఎముకల్లో ఎంతో కొంత ఇంకా ఉంది. 2020లో యునిసెఫ్ నివేదిక వచ్చింది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములకి మించి ఉందని, మన దేశంలో అలాంటి పిల్లలు 27 కోట్ల పైనేనని. వాళ్లంతా బ్యాటరీలు కోస్తున్నారా?

పసుపు తీసుకోండి. కొమ్ములు మెరవాలని లెడ్ క్రోమేట్ అనే పసుప్పచ్చ రంగు పట్టిస్తారు. బంగ్లాదేశ్‌లో 2019లో మార్కెట్లో తీసిన పసుపు నమూనాల్లో 47 శాతంలో అది దొరికింది. ప్రభుత్వం దాడులు చేసి, కొట్లవాళ్లకి జరిమానాలు వేసి, పేపర్లలో రాయించేసరికి 2021కి సున్నా అయింది. రెండేళ్లలో. నడక ప్రతి మనిషీ రోజూ నడవాలి. పసుపులో రంగు మాత్రం ఒకసారి ఆపితే అందరికీ ఆగిపోతుంది. నా వాదన ఇదే మాస్టారూ, మీ నడకని తక్కువ చేయడం కాదు.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర కొమ్ములు కొనేటప్పుడు మరీ నిగనిగలాడేవి వదిలేసి మట్టిరంగువి ఏరుకుంటాను. మా అత్తగారికి కోపం.

టెక్కలి_కోడలు:
అక్కా, మా ఇంట్లో చింతపండు పులుసు ముప్పై ఏళ్ల సత్తు గిన్నెలోనే. అడుగు గుంటలు పడిపోయింది. పారేయనా?

రక్తపు_చుక్క:
పులుపు కాచడానికి, రాత్రంతా నిల్వ ఉంచడానికి వద్దమ్మా. స్టీలు వాడు. పాతది మొక్కకి పెట్టుకో.

నూరేళ్ల_బతుకు:
మిత్రులారా, ఇంత భయం అక్కర్లేదు. రక్తంలోని సీసం, కాడ్మియం, పాదరసం మొత్తం కడిగేసే డీటాక్స్ డ్రిప్ 20 సిట్టింగులు, బైపాస్ అవసరమే ఉండదు. దీంతోపాటు మా ఒళ్లు తగ్గే చూర్ణం ఉచితం. వెంటనే సంప్రదించండి...

నిర్వాహకుడు:
ఫోన్ నంబరు తీసేశాం. వాదన ఉంటే రాయండి, బేరాలు వద్దు.

రక్తపు_చుక్క:
దీనికి జవాబు చెప్పే తీరాలి, ఎవరో ఒకరు నమ్మి తాకట్టు పెట్టి మరీ వెళ్తారు. లోహాల్ని పట్టి మూత్రంలోకి పంపే మందు ఉంది, దాని పేరు ఈడీటీఏ. నిజంగా సీసం విషం ఎక్కినవాళ్లకి ఆసుపత్రిలో వాడతారు. గుండెజబ్బుకి పనికొస్తుందా అని అమెరికాలో 1,708 మంది మీద పరీక్షించారు, 2013లో వచ్చింది. కొద్దిగా మేలు కనపడింది, షుగర్ ఉన్నవాళ్లలో బాగా కనపడింది. అబ్బో అనుకున్నారు. సరే అని షుగరూ, గతంలో గుండెపోటూ ఉన్న వెయ్యి మందితో మళ్లీ చేశారు. 2024లో ఫలితం వచ్చింది. రక్తంలో సీసం 61 శాతం తగ్గింది. గుండెపోట్లు, చావులు తగ్గలేదు. డ్రిప్ వాళ్లు మీకు మొదటి పరీక్ష చెప్తారు, రెండోది చెప్పరు.

ఉచిత చూర్ణం మరీ ముచ్చట. 2008లో ఇంటర్‌నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులు 193 తెప్పించి చూస్తే ఐదో వంతు వాటిల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనికో దొరికింది. ఒళ్లు తగ్గుతుందని సీసం తినడం... ఇక చెప్పను.

సాలూరు_స్టీరింగ్:
మేడమ్, ఒక సందేహం. సీసం తగ్గినా గుండెపోట్లు తగ్గలేదంటే, సీసం కారణం కాదనే కదా? మాస్టారు గెలిచినట్టేనా?

చీపురుపల్లి_మాస్టారు:
నేనూ అదే అడగబోతున్నాను. మంచి ప్రశ్న.

రక్తపు_చుక్క:
నిజంగానే మంచి ప్రశ్న. నా వాదనకి ఇది దెబ్బే, దాచను. ఒక మాట మాత్రం చూడండి. వాళ్లు కడిగింది ఎక్కువగా 60 దాటిన మనుషుల రక్తం. నాళాల్లో పూడిక అప్పటికి ముప్పై నలభై ఏళ్లుగా పేరుకుని ఉంది, ఎముకల్లో నిల్వ అలాగే ఉంది. ఇల్లు కాలాక నీళ్లు పోస్తే గోడలు తిరిగి లేవవు కదా. నాకు అర్థమైంది ఏంటంటే, సీసాన్ని తర్వాత తీయడం మీద పెట్టే డబ్బు, ముందు రాకుండా చేయడం మీద పెట్టాలి. మాస్టారు ఒప్పుకోకపోతే ఒప్పుకోకపోవచ్చు.

పలాస_జీడిపిక్క:
మా ఉద్దానం సంగతి ఎవరూ ఎత్తలేదేం? కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు... ఇంటికో కిడ్నీ పేషెంటు. సన్నటి మనుషులు, షుగర్ లేదు. నీళ్లలో లోహాలే అని మా ఊళ్లో అందరూ అంటారు. అందుకే కదా హిరమండలం నుంచి గొట్టాలేసి నీళ్లు తెచ్చారు.

రక్తపు_చుక్క:
ఉద్దానం జబ్బుకి ఇదీ కారణం అని ఇప్పటిదాకా ఎవరూ రుజువు చేయలేదు. లోహాలు, సిలికా, పురుగుమందులు, ఎండలో నీళ్లు తాగకుండా పని, అన్నీ వెతికారు. ఇక్కడ గెలవడం కోసం మీ ఊరి కష్టాన్ని నా సాక్షిగా పిలుచుకోలేను. కిడ్నీ చెడినవాళ్లకి గుండెజబ్బు ముప్పు చాలా ఎక్కువ, అది మాత్రం గట్టిగా చెప్తాను. డయాలసిస్‌లో ఉన్నవాళ్లు ఆయాసమొస్తే గ్యాసు అనుకోవద్దు.

గరివిడి_గని:
మా వైపు మాంగనీసు దుమ్ము. దాని సంగతేంటి?

రక్తపు_చుక్క:
అది ఎక్కువగా మెదడు, నరాల మీద పని చేస్తుంది, చేతులు వణకడం, నడక మారడం. గుండె లెక్కలో ముందున్నవి నేను చెప్పిన ఆ మూడే, సీసం, కాడ్మియం, ఆర్సెనిక్. మాస్క్ మాత్రం వేసుకోండి.

బారువ_మనవరాలు:
మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. చిన్నప్పుడు నాకది గారడీలా ఉండేది, పొగ ముక్కులోంచి వస్తుంటే చప్పట్లు కొట్టేదాన్ని. అంగిలి తెల్లగా గరుకుగా అయిపోయింది. అందరూ కేన్సరుకే భయపడ్డారు, చివరికి గుండెపోటుతో పోయింది. ఒంట్లో కండ లేదు, మంచం మీంచి ఎత్తితే దిండు ఎత్తినట్టుండేది. పొగాకులో కూడా లోహం ఉంటుందా?

రక్తపు_చుక్క:
ఉంటుందమ్మా. పొగాకు మొక్క మట్టిలోంచి కాడ్మియం బాగా లాగి ఆకుల్లో దాచుకుంటుంది. పొగతో అది ఊపిరితిత్తుల్లోకి నేరుగా పోతుంది, కిడ్నీలో పదేళ్లు, ఇరవై ఏళ్లు ఉండిపోతుంది. మన తీరంలో ఆడవాళ్ల అడ్డపొగ మీద డాక్టర్లు పాతకాలం నుంచే చూస్తున్నారు. ఆంధ్రా పల్లెల్లో 10,169 మంది అంగిళ్లు పరీక్షించిన నివేదిక 1971లోనే అచ్చయింది. నోరు చూశారు, గుండె సంగతి అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

మాస్టారూ, ఇక్కడ మీరూ నేనూ ఒకటే పాట పాడుతున్నాం చూడండి. పొగ మీ జాబితాలోనూ ఉంది, నా జాబితాలోనూ ఉంది. స్టీరింగ్ గారి తమ్ముడి బీడీ రెండు ఖాతాల్లోనూ పడుతుంది.

చీపురుపల్లి_మాస్టారు:
సరే అమ్మా. పంతులుకి పాఠం చెప్పేశావు. నూతి లెక్క బాగుంది, మా మనవడికి చెప్పాను.

కానీ నా మాట నాది. నిన్న టేపు పెట్టి నా నడుం కొలిచాను. 101 సెంటీమీటర్లు. మగవాడికి 90 దాటకూడదట. ఇందులో సీసానికి ఏ పాపమూ తెలీదు, మా ఆవిడ పెసరట్టు ఉప్మాకే తెలుసు. రేపటి నుంచి పొద్దున్న చోడి (రాగి పిండి) అంబలి అన్నాను. ఆవిడ నమ్మలేదు.

రక్తపు_చుక్క:
చోడి అంబలి మంచి మాట. కాల్షియం, ఐరన్ తక్కువైన ఒళ్లు సీసాన్ని ఎక్కువ పీలుస్తుంది. మీ పొట్టకీ, నా సీసానికీ ఒకే గిన్నెలో మందు దొరికింది.

సాలూరు_స్టీరింగ్:
తమ్ముడి రిపోర్టు వచ్చింది. 29 మైక్రోగ్రాములు. డాక్టరుగారికి చూపిస్తే కాసేపు చూసి, ఏం పని చేస్తాడని మొట్టమొదటిసారి అడిగారు. స్టెంటు వేసిన రోజు అడగలేదు ఆ మాట. మాత్రలన్నీ యథాప్రకారం వాడమన్నారు, కొలెస్ట్రాల్ది, రక్తం పలచబడేది ఏదీ ఆపొద్దన్నారు. కరగబోసే పని ఆపేసి, మూత తీయకుండా పాత బ్యాటరీ కంపెనీకి తిప్పి పంపి కొత్తది అమ్ముకోమన్నారు. అలా చేస్తే మిగిలేది సగమే అంటున్నాడు వాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఇంకా తేల్చుకోలేదు. షాపు బట్టలు మాత్రం ఇంటికి తేవడం లేదు, అక్కడే కుళాయి దగ్గర స్నానం చేసి వస్తున్నాడు.

కళింగపట్నం_వల:
మాదీ వొచ్చింది మేడమ్. అయ్యకి 34. గుంటల్లో పెద్దోడికి 11, సిన్నదానికి 14.

అయ్యకి సెప్తే, ఎంతుండాల అన్నాడు. 3.5 దాటితే ఎక్కువే అంట అన్నాను. కాసేపు ఏటీ మాటాడనేదు. సిన్నదాన్ని ఒళ్లో కూకోబెట్టుకుని దాని సేతులు తిప్పి తిప్పి సూసినాడు. మర్నాడు పొయ్యి రాళ్లు తీసుకుపోయి సరుగుడు తోట అవతల, గాలి సముద్రం వైపు పోయే సోట పెట్టినాడు. గోడ పక్క మట్టి తడిపి తీసేసినాం, మీరు సెప్పినట్టే. గుంటలకి పాలు, గుడ్డు ఇమ్మన్నారు పీహెచ్‌సీలో, మూడు నెలలకి మళ్లీ పరీక్ష అన్నారు.

పళ్లతో కరవొద్దని నాను పట్టకారు కొనిచ్చినాను. నిన్న సాయంత్రం ఎనక నుంచి పోయి సూసినాను. పట్టకారుతోనే నొక్కుతున్నాడు, కుదురుగా. రెండు సేతులూ వల మీదే ఉన్నాయి కదా, గుళ్లెక్కడ పెట్టుకున్నాడా అని సూస్తే బుగ్గలో ఉన్నాయి, వక్కలాగ.

రక్తపు_చుక్క:
మెడకి ఒక డబ్బా కట్టు తమ్ముడూ. ఈరోజే.

బుడితి_చెంబు:
డబ్బా నేను చేసిస్తాను, మూత ఉన్నది. ఇత్తడిది కాదులెండి, స్టీలుదే కొని తాడు బిగించి పంపుతాను. అడ్రసు మెసేజ్‌లో పెట్టు.